సీట్లు లేవన్నారు, నమ్మాను

మా మరిది కూతురు ఈ మధ్యనే ఒక ట్రావెల్ ఆఫీసులో చేరింది. చేరిన వారానికే మా ఇంటికి వచ్చి, "పెద్దమ్మా, వచ్చినోళ్ళంత ఒక్కటే అడుగుతున్నరు. టికెట్ ఇప్పుడే తీసుకోవాల్నా, జర ఆగాల్నా అని. ఏం జెప్పాలె?" అంది. చేతిలో ఉన్న చాయ్ కప్పు కింద పెట్టేశాను. ఇరవై ఏళ్ళకు పైగా నేను ఆ ప్రశ్నకు జవాబులు చెప్పి జీతం తీసుకున్నాను. అందులో ఒక్క జవాబు మాత్రం ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంది.

ఆ పిల్లకు ఆ పూట సగమే చెప్పగలిగాను. మిగతాది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. మా ఆఫీసులో ఎక్కడానికి మెట్లు లేవు. యజమాని ఒకరు, టికెట్లు రాసే దాన్ని నేనొకదాన్ని, అంతే. విమానం ఎక్కిన అనుభవాలు కూడా ఉండవు. అంతమందిని గల్ఫ్‌కు పంపినదాన్ని, ఉద్యోగం మానేసేదాకా నేను విమానం ఎక్కలేదు.

ఒక గది, ఒక ఫోను

మాది నాచారం మెయిన్ రోడ్డు మీద, సైకిల్ దుకాణం పైన ఒక గది. మా ఆయన రైల్వేలో ఫిట్టరు. లాలాపేట్‌లో ఉండేవాళ్ళం. పొద్దున వంట చేసి, డబ్బా కట్టుకుని, బస్సులో పది నిమిషాల్లో ఆఫీసుకు వచ్చేదాన్ని. యజమాని పేరు సత్తార్ సాబ్. బీదర్ మనిషి. తెల్ల పైజామా, జేబులో ఎప్పుడూ సోంపు పొట్లం. ఆయన మాట్లాడే తెలుగులో సగం ఉర్దూ. కోపం వస్తే పూర్తి ఉర్దూ.

మా దగ్గరికి వచ్చేవాళ్ళు మల్లాపూర్ వర్క్‌షాపుల్లో పనిచేసే టర్నర్లు, వెల్డర్లు, ఉప్పల్ దర్జీలు, దవాఖానాల్లో పనిచేసే నర్సులు. కంప్యూటర్ లేదు. ఎయిర్‌లైన్ వాళ్ళ రిజర్వేషన్‌కు ఫోన్ చేయాలి. గంటసేపు తిప్పితే ఒకసారి తగిలేది. వాళ్ళు సీటు ఖాయమని "ఓకే" అంటే టికెట్ మీద చేత్తో ఓకే అని రాయడం. ఆ రెండక్షరాలు రాసే అధికారం ఉన్నందుకు నాకు మహా పొగరు ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

దారులు తెరిచి ఉన్నంతకాలం మా పని ఎవరైనా చేస్తారు. దారులు మూసి, రేపు తెరుస్తారో లేదో తెలియనప్పుడే మనిషి మన మొహం వంక చూస్తాడు. తన బతుకును మన చేతిలో పెట్టి "మీరేమంటరు?" అని అడుగుతాడు. అప్పుడు నోరు తెరవడం ఎంత భయంకరమైన పనో చేరిన కొత్తలో నాకు తెలియలేదు.

దర్జీ నర్సయ్య

తొంభైలో కువైట్ గొడవ వచ్చింది. అప్పటికి ఉప్పల్ దర్జీ నర్సయ్యకు కువైట్ వీసా వచ్చి ఉంది. సరిహద్దు దగ్గర సైన్యాలు చేరుతున్నాయని రేడియోలో చెప్తూనే ఉన్నారు. "పోవాల్నా మేడం?" అని అడిగాడు. "ఇట్లాంటివి మస్తు చూసినం, ఏం గాదు, ఎంత తొందరగ పోతే అంత మంచిది" అని నేనే తొందరపెట్టాను. అప్పట్లో మావాళ్ళకు గల్ఫ్ విమానం బొంబాయి నుంచే, ఓకే రాకముందే రైలు ఎక్కించేశాను. అతను బొంబాయిలో దిగేసరికి కువైట్ పొరుగు సైన్యం చేతిలోకి పోయింది. విమానాలు బంద్.

రేపో మాపో తెరుస్తారనే ఆశతో నర్సయ్య ఎనిమిది రోజులు స్టేషన్ ప్లాట్‌ఫాం మీద పడుకున్నాడు. కామెర్లతో తిరిగి వచ్చాడు. వాళ్ళావిడ మా ఆఫీసు మెట్లెక్కి వచ్చి, ఏడవకుండా, అరవకుండా, "మీరే పంపిన్రు గద" అంది. ఆ ఒక్కమాట. కొట్టినా అంత తగిలేది కాదు.

నర్సయ్య కోలుకున్నాడు. నేను కోలుకోలేదు. ఆ రోజు ఒక పాఠం నేర్చుకున్నాను అనుకున్నాను. దారి మూసి ఉన్నప్పుడు ఎవరినీ తొందరపెట్టకూడదు, ఓకే లేని టికెట్‌తో ఎవరినీ బొంబాయి పంపకూడదు అని. వినడానికి ఎంత బుద్ధిగా ఉందో చూడండి. ఒక కేసులో తగిలిన దెబ్బను మనం తర్వాతి కేసుకు మందు అనుకుంటాం. మా వృత్తిలో జరిగే పెద్ద తప్పులు ఇట్లాగే మొదలవుతాయి.

సత్తార్ సాబ్ చుట్టాలు

సత్తార్ సాబ్‌కు ఒక అలవాటు ఉండేది. లోకంలో ఎక్కడైనా గడబిడ మొదలైందంటే చాలు, మూడు నాలుగు వారాల తర్వాతి విమానాల్లో సీట్లు పట్టి పెట్టేవాడు. ఎవరి కోసం? ఎవరి కోసమూ కాదు. ఉత్త పేర్లు. కింద హోటల్లో చాయ్ పోసే ఆయన పేరు, తన బావమరుదుల పేర్లు, చిన్నప్పుడు తనను కొట్టిన ఉర్దూ మాస్టారి పేరు. నిజంగా ప్రయాణికుడు దొరికినప్పుడు రిజర్వేషన్‌లో తెలిసిన మనిషికి ఫోన్ చేసి, ఆ దొంగ పేరు కొట్టేయించి, అదే నిమిషంలో అసలు పేరు ఎక్కించేవాడు. వీటిని డమ్మీలు అంటారు. ఊళ్ళో అందరు ఏజెంట్లూ చేసేవాళ్ళు. ఎవరూ చేస్తామని చెప్పేవాళ్ళు కాదు.

నాకు ఒళ్ళు మండేది. "ఇది తప్పు సాబ్. నిజంగ పోయేటోళ్ళకు సీట్లు లేకుండ పోతయి" అనేదాన్ని. ఆయన సోంపు నములుతూ, "సరోజమ్మా, బస్సుల కిటికీల నుంచి దస్తీ వేస్తరు గద, గట్ల" అని నవ్వేవాడు.

నిజానికి అది బస్సు సీటు మీద దస్తీ, అంటే చేతిరుమాలు, వేసి ఆపుకోవడమే. కానీ బస్సులో దస్తీ వేసినవాడు వెనకే ఎక్కుతాడు. మా ఉర్దూ మాస్టారు ఏ విమానమూ ఎక్కడు.

ప్లేగు

తొంభై నాలుగులో వినాయకుళ్ళను నిమజ్జనం చేసిన వారానికి సూరత్‌లో ప్లేగు అని పేపర్లో వచ్చింది. ప్లేగు! మా నాయనమ్మ కథల్లో విన్న మాట. రెండు మూడు రోజుల్లో నాచారంలో మందుల షాపుల్లో టెట్రాసైక్లిన్ గోళీలు మాయం. ఉప్పల్ బస్సులో ఎవరైనా దగ్గితే చుట్టూ సీట్లు ఖాళీ అయ్యేవి. నేను కూడా మొహానికి చీర కొంగు కట్టుకుని టికెట్లు రాశాను. ఫోన్ కూడా కొంగు అడ్డం పెట్టే మాట్లాడానంటే మా భయం ఎట్లా ఉండేదో అర్థం చేసుకోండి.

ఆ వారంలోనే గల్ఫ్ దేశాలు ఒకటొకటిగా మన విమానాలను ఆపేశాయి. పొద్దున ఒక రూలు, మధ్యాహ్నం ఇంకో రూలు. డాక్టర్ సర్టిఫికెట్ ఉంటే చాలన్నారు. తర్వాత ఉన్నా వద్దన్నారు. ఎయిర్‌లైన్ వాళ్ళను అడిగితే "మాకే తెలియదు మేడం" అనేవాళ్ళు. ఆ మాట వాళ్ళ నోటి నుంచి అంత నిజాయితీగా రావడం అదే మొదటిసారి.

సరిగ్గా అప్పుడు మా మెట్లెక్కి వచ్చాడు మల్లేశం.

మల్లాపూర్‌లో ఒక వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పనిచేసే టర్నర్. నల్గొండ వైపు మనిషి. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఇనుప మసి. ముప్పై నాలుగేళ్ళు. బొంబాయిలో ట్రేడ్ టెస్టులో ఒక ఇనుప ముక్కను వాళ్ళు ఇచ్చిన కొలతకు వెంట్రుక వాసి తేడా లేకుండా చెక్కి, మస్కట్ కంపెనీ వాళ్ళతో శెభాష్ అనిపించుకున్నాడు. రెండేళ్ళు తిరగ్గా వీసా వచ్చింది. దసరా వెళ్ళిన రెండో శనివారం లోపల మస్కట్‌లో అడుగు పెట్టాలని అందులో రాసి ఉంది. ఆ రోజు దాటితే కాగితం చెల్లదు. ముప్పై అయిదు దాటిన వాళ్ళను ఆ కంపెనీ తీసుకోదు. కాబట్టి ఇంకో వీసా వచ్చే ఆశ కూడా లేదు.

"వర్క్‌షాపుల పని ఇడ్సిపెట్టిన మేడం" అన్నాడు వచ్చీ రాగానే. "నా లేత్ మీద ఇంకోనికి కూసుండవెట్టిన్రు. ఇగ ఇక్కడ నాకేం లేదు. ఎప్పుడు పోతనో మీరే జెప్పాలె."

"ఇప్పుడు బుక్ చేస్తే ఆ విమానం రద్దయితది. టికెట్ ఇరుక్కపోతది. దారి తెరిచినంక చూద్దాం. నీకు ఇంక మస్తు దినాలున్నయి" అన్నాను.

నా లెక్క ఏమిటో కూడా చెప్తాను. ఇది ఎక్కువ రోజులు సాగదు, దసరాలోపు తెరుస్తారు. తెరిచినా జనం భయపడి వెంటనే ఎక్కరు. విమానాలు ఖాళీగా పోతాయి. మల్లేశం హాయిగా కూర్చుని పోతాడు. ఇదీ నా లెక్క. ఈ లెక్కలో ఒక్కటి కూడా తప్పు లేదని గుర్తుపెట్టుకోండి. నన్ను ముంచింది అదే.

నేను చేసిన మంచి పని

ఆ రోజుల్లో సత్తార్ సాబ్ కూతురి పెళ్ళికి బీదర్ వెళ్ళాడు. ఆఫీసు నా చేతిలో పెట్టాడు. వెళ్ళేముందు దసరా తర్వాతి మూడు వారాలకు మస్కట్ విమానాల్లో వారానికి నాలుగు చొప్పున డమ్మీలు పెట్టి వెళ్ళాడు. "వాటికి హాత్ పెట్టకు. మంగళవారం మంగళవారం ఫోన్ జేసి గడువు పెంచుకుంట ఉండు, చాలు" అన్నాడు.

ఒక మంగళవారం నేను ఫోన్ చేయకముందే ఎయిర్‌లైన్ నుంచే ఫోన్ వచ్చింది. దొంగ పేర్లతో సీట్లు పట్టిన ఏజెంట్ల లిస్టు తీస్తున్నామని, దొరికితే టికెట్లు ఇవ్వడం ఆపేస్తామని ఒక అధికారి గొంతు చించుకున్నాడు. నాకు భయం వేసింది. దాంతోపాటు, నిజం చెప్పాలి, లోపల ఒక సంతోషం కూడా కలిగింది. ఎన్నాళ్ళుగానో చేయాలనుకున్న పనికి సాకు దొరికింది. లిస్టు ముందు పెట్టుకుని, మొత్తం పన్నెండు పేర్లూ చదివి కొట్టేయించాను. చివర ఉర్దూ మాస్టారిని కొట్టేసినప్పుడు ఇల్లు ఊడ్చి చెత్త బయట పారేసినంత హాయిగా అనిపించింది.

అందులో ఒకటి మల్లేశం పేరు మీదికి మార్చాలని తట్టలేదా అని మీరు అడగొచ్చు. తట్టింది. కానీ కొత్తగా ఏ పేరు ఎక్కించినా ఇక గడువు పెంచం, మూడు రోజుల్లో టికెట్ రాయాలని ఆ అధికారి చెప్పాడు. దారి ఇంకా మూసే ఉంది. నర్సయ్య వాళ్ళావిడ గుర్తొచ్చింది. ఎందుకులే, విమానాలు ఖాళీగానే పోతాయి కదా అనుకున్నాను.

దారి తెరిచారు

సద్దుల బతుకమ్మకు ముందు రోజు పదకొండు గంటలకు ఫోన్ వచ్చింది. మస్కట్ దారి తెరిచారు! నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. నా లెక్క అచ్చంగా నిజమైంది. బెంచీ మీద కూర్చున్న మల్లేశం మొహం వెలిగిపోయింది. కిందికి పరుగెత్తి పావుకిలో జిలేబీ తెచ్చి, "మీ నోట్ల చక్కెర పొయ్యాలె మేడం" అని నాకు రెండు చుట్లు పెట్టాడు.

జిలేబీ నోట్లో ఉండగానే రిజర్వేషన్‌కు ఫోన్ తగిలింది. "మస్కట్, ఒక్క సీటు, ఈ శనివారం లోపల ఏ రోజైనా సరే" అన్నాను.

"సీట్లు లేవు."

"వచ్చే వారం?"

"లేవు మేడం. మూడు వారాలదాకా అన్నీ ఫుల్."

నేను నమ్మలేదు. మళ్ళీ చూడమన్నాను. మళ్ళీ అదే మాట. దారి తెరిచి ఇంకా గంట కాలేదు, మూడు వారాల సీట్లు ఎప్పుడు పోయాయి? ఎవరు కొన్నారు? ఎదురుగా మల్లేశం చేతులు తుడుచుకుంటూ, ఏ రోజు బయలుదేరాలో నేను చెప్తానని నవ్వుతూ చూస్తున్నాడు. అంత సిగ్గు నేను జన్మలో పడలేదు.

నేను నిద్రపోతున్నంతసేపూ ఊళ్ళో ప్రతి ఏజెంటూ దస్తీలు వేసుకుంటూనే ఉన్నాడన్నమాట. దారి మూసి ఉన్నప్పుడే సీట్లన్నీ అయిపోయాయి. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలూ, దీన్ని బాగా వినండి. ఆంక్షలు ఎత్తేయడం వేరు, సీటు దొరకడం వేరు. వార్తను అందరూ కనిపెడతారు. మీకు జీతం ఇచ్చేది వార్త కనిపెట్టినందుకు కాదు, సీటు కనిపెట్టినందుకు.

సత్తార్ సాబ్ ఆ మర్నాడే బీదర్ నుంచి వచ్చాడు. చేతిలో పెళ్ళి మిఠాయి డబ్బా. నేను జరిగిందంతా చెప్పేశాను, దాచలేదు. అరుస్తాడని చూశాను. ఉర్దూలో తిడతాడని చూశాను. ఆయన మిఠాయి డబ్బా బల్ల మీద పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత మెల్లగా, "పేర్లు దొంగవే అమ్మా. సీటు దొంగది కాదు గద" అన్నాడు.

గురువారం మధ్యాహ్నం

ఆ తర్వాత వారంలో మేం పట్టని కాలు లేదు. సత్తార్ సాబ్ రోజూ సైఫాబాద్ వెళ్ళి ఎయిర్‌లైన్ ఆఫీసులో కూర్చునేవాడు. వెయిటింగ్ లిస్టులో మల్లేశం పేరు కదల్లేదు. చివరి శనివారం విమానంలో ఓకే ఉన్న ప్రయాణికురాలు మాకు ఒక్కతే, ఉప్పల్ నర్సు సుగుణ. సెలవు మీద వచ్చి తిరిగి పోతోంది. ప్లేగు మాట ఇంకా పుట్టకముందే ఆమె టికెట్ రాశాను. మల్లేశం ఆమె టికెట్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, జాగ్రత్తగా మళ్ళీ నా బల్ల మీద పెట్టాడు.

శనివారం విమానం అందుకోవాలంటే గురువారం సాయంత్రం రైలు ఎక్కాలి. ఆ మధ్యాహ్నం మేం ముగ్గురం ఆఫీసులో ఉన్నాం. సత్తార్ సాబ్ అన్నాడు:

"సీటు లేకున్నా ఓపెన్ టికెట్ రాసియ్యి సరోజమ్మా. బంబై పోనియ్యి. ఏర్‌పోర్ట్ గేట్ కాడ నిలవడ్తడు. ఎవడన్న రాకుంటే ఎక్కిస్తరు. నసీబ్ ఉంటే పోతడు."

"ఓకే లేకుంటే గేటు లోపలికి గూడ రానియ్యరు సాబ్" అన్నాను.

"రానియ్యకుంటే వాపస్ వస్తడు. ఏం పోతది?"

ఏం పోతుందా? నాకు ప్లాట్‌ఫాం మీద పడుకున్న నర్సయ్య కనిపించాడు. పైగా ఇప్పుడు ప్లేగు. "మూడు వారాలదాకా ఫుల్ అని వాళ్ళే చెప్పిన్రు. లేని సీటు కోసం మనిషిని ఆ ఊళ్ళె పడేస్తమా?" అని గట్టిగానే అన్నాను. సత్తార్ సాబ్ రెండు చేతులూ పైకెత్తి ఊరుకున్నాడు. డమ్మీల విషయంలో తిట్టనందుకు ఆయన మీద నాకు ఎంత గౌరవం కలిగిందో, ఆ క్షణం ఇంకో రెండు మాటలు గట్టిగా అననందుకు తర్వాత అంత కోపం వచ్చింది. యజమాని అన్నవాడు ఒక్కోసారి అరవాలి.

మల్లేశం సంచీ సర్దుకునే వచ్చాడు. బెంచీ కింద ఉంది. మా ఇద్దరి మాటలూ విన్నాడు. సాబ్ వంక చూడలేదు. నా వంక చూశాడు.

"మీరేమంటరు మేడం?"

"వద్దు మల్లేశం" అన్నాను. "పోయినా లాభం లేదు. నా మాట విను."

విన్నాడు. సంచీ తీసుకుని మెట్లు దిగిపోయాడు. శనివారం వచ్చింది, పోయింది. ఆ రోజంతా అతను మా ఆఫీసు బెంచీ మీదే కూర్చున్నాడు. ఎందుకు వచ్చాడో అతనికీ తెలియదు, నేనూ అడగలేదు. విమానం వెళ్ళే వేళకు గడియారం వంక ఒకసారి చూసి, "పోయుంటది" అని లేచాడు.

సుగుణ రాసింది

నాకు ఒక పద్ధతి ఉండేది. గల్ఫ్ వెళ్ళే ప్రతి మనిషినీ చేరగానే ఒక ఉత్తరం రాయమనేదాన్ని. విమానాశ్రయంలో ఏం అడిగారు, ఏ కాగితం చూశారు, అన్నీ రాయమనేదాన్ని. పేపర్లో రాని సంగతులు నాకు ఆ ఉత్తరాల్లోనే తెలిసేవి. దీపావళి వెళ్ళిన కొన్నాళ్ళకు మస్కట్ నుంచి సుగుణ ఉత్తరం వచ్చింది. డబ్బా విప్పి అన్నం తింటూ చదవడం మొదలుపెట్టాను.

"సరోజక్కా, క్షేమంగా చేరాను. డాక్టర్ కాగితం రెండుచోట్ల చూశారు. నువ్వు ఫుల్ అన్నావు కదా, ఇరుకులో ప్లేగు అంటుకుంటుందేమోనని భయపడుతూ ఎక్కాను. తీరా చూస్తే విమానంలో సగం సీట్లు ఖాళీ. నేను మూడు సీట్లలో కాళ్ళు చాపుకుని పడుకున్నాను. కౌంటర్ దగ్గర వాళ్ళు పేర్లు పిలిచి పిలిచి అలిసిపోయారు, ఆ పేర్లవాళ్ళు ఎవరూ రాలేదు. గేటు బయట ఉత్త టికెట్లతో నిలబడ్డవాళ్ళను అయిదారుగురిని పిలిచి ఎక్కించుకున్నారు. ఇంకా మనుషులుంటే ఇంకా ఎక్కించేవాళ్ళే."

మళ్ళీ చదివాను. సగం సీట్లు ఖాళీ! ఆ విమానం నింపింది మనుషులు కాదు, పేర్లు. ఊళ్ళో ఏజెంట్లందరి బావమరుదులూ, చాయ్‌వాలాలూ, మాస్టార్లూ. జనం భయపడి ప్రయాణాలు మానుకుంటే ఏజెంట్లు పెట్టిన డమ్మీలకు అసలు మనుషులు దొరకలేదు. కొట్టేయించాలన్న బుద్ధి ఎవరికీ పుట్టలేదు. విమానాలు ఖాళీగా పోతాయని నేను వేసిన లెక్క అక్షరాలా నిజం. ఆ లెక్క వేసినదాన్ని నేనే, గేటు దగ్గరికి పోవద్దని ఆ మనిషిని ఆపినదాన్ని నేనే. డబ్బా మూత పెట్టేశాను.

ఉత్తరం సత్తార్ సాబ్‌కు ఇచ్చాను. ఆయనకు తెలుగు చదవడం రాదు, నేనే చదివి వినిపించాను. నేను చెప్పలేదా అని ఆయన అనలేదు. "మల్లేశంకు చెప్తవా?" అని మాత్రం అడిగాడు.

"చెప్తా" అన్నాను. నిజంగానే చెప్పాలనుకున్నాను.

ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను మారాను. డమ్మీలు పెట్టానా అంటే, పెట్టాను. గడబిడ రోజుల్లో పెట్టాను, దారి తెరిచిన మూడో రోజుకు మిగిలినవన్నీ నా చేత్తోనే కొట్టేయించాను. ఇది నీతి అవునో కాదో నాకు తెలియదు, అంతకన్నా మంచి దారి నాకు దొరకలేదు. "ఫుల్" అని ఎవరు చెప్పినా, మనుషులతో ఫుల్లా, పేర్లతో ఫుల్లా అని అడగడం నేర్చుకున్నాను. ముఖ్యంగా, "మీరేమంటరు" అని అడిగినవాళ్ళకు నా భయాన్ని సలహాగా ఇవ్వడం మానేశాను. పోతే ఏం జరగొచ్చో, ఆగితే ఏం జరగొచ్చో రెండూ చెప్పి, పోయేది నువ్వు కాబట్టి నువ్వే చెప్పు అనేదాన్ని. కొందరు విసుక్కునేవాళ్ళు. విసుక్కోనిచ్చాను. మా మరిది కూతురికి ఈ మేరకు చెప్పాను. ఇక కింద రాసేది చెప్పలేదు.

ఉత్తరం వచ్చిన వారానికి మల్లేశం వచ్చాడు. వర్క్‌షాపులో మళ్ళీ తీసుకున్నారట. లేత్ మీద కాదు, గ్రైండింగ్‌లో హెల్పర్‌గా. తన లేత్ మీద కూర్చున్న కుర్రవాడికి సామాన్లు అందిస్తున్నాడు. వీసా ఫైల్లో మిగిలిన ఫోటోలు ఉంటే ఇమ్మని అడిగాడు, రేషన్ కార్డుకు కావాలట. ఫోటోలు ఇచ్చాను. తీసుకుని కూడా నిలబడే ఉన్నాడు.

"ఒక్క మాట అడుగుత మేడం. మా ఆమె దినాం గదే పట్టుకుని పీక్కతింటుంది. గా శనివారం నువ్వు బొంబాయి పోయి గేటు కాడ నిలవడితె సీటు దొర్కుతుండెనేమో అని. ఇమానం నిజంగ నిండ పోయిందా? మీరు జెప్తే నమ్ముతది."

సుగుణ ఉత్తరం నా ఎదురుగానే, టికెట్ పుస్తకం కింద ఉంది. కొస బయటికి కనిపిస్తోంది. సత్తార్ సాబ్ తల వంచుకుని ఏదో రాస్తున్నట్టు కూర్చున్నాడు. ఆయన కలం కదలడం లేదు.

"నిండ పోయింది మల్లేశం" అన్నాను. "ఒక్క సీటు గూడ ఖాళీ లేదంట."

అతని భుజాలు దిగాయి. నెల రోజుల్లో మొదటిసారి ఆ మొహంలో కొంచెం నెమ్మది కనిపించింది. "నేను గదే జెప్పిన ఆమెకు. మేడం వద్దన్నది గనక బతికిపోయినం, లేకుంటే ఆ రోగాల ఊళ్ళె పడి ఖరాబైతుంటిమి అని" అన్నాడు. రెండు చేతులూ జోడించి నాకు దండం పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

తర్వాత ఎప్పుడూ చెప్పలేకపోయాను. నీకు చెప్పడానికే ఇదంతా రాశాను మల్లేశం. ఆ రోజు విమానంలో సగం సీట్లు ఖాళీగా ఉన్నాయి.